వరదలో ఒకే మిద్దె మీద ఉన్నోళ్లం, ఇప్పుడు ఒకే సందులో సలాం కూడా లేదు. ఎట్ల కలవాల?

కర్నూలు_హంద్రీ (ప్రశ్న)

అస్సలాము అలైకుమ్ అన్నలూ, అక్కలూ. చానా రోజుల నుంచి మనసులో నలుగుతున్న విషయం, కొంచెం పొడుగుంటుంది, ఓపిక చేసుకొని చదవండి.

మాది కర్నూలు పాతబస్తీ. 2009 అక్టోబర్ 2, శుక్రవారం, అప్పుడు నాకు పదకొండేళ్లు. ఒక పక్క తుంగభద్ర ఇంకో పక్క హంద్రీ, రెండూ పొంగి ఊర్లోకి వచ్చేసినాయి, మా నాయన నన్ను భుజాల మీద ఎక్కించుకొని సందు చివర ఉన్న మూడంతస్తుల మిద్దెకి చేర్చినాడు, మేం పోయేసరికే పైన నలభై మంది దాకా ఉన్నారు. దర్గాకు పోయి ఫాతిహా ఇచ్చేవాళ్లు, జమాత్‌లో తిరిగేవాళ్లు, నమాజ్‌లో ఆమీన్ గట్టిగా అనేవాళ్లు, దూదేకులోళ్లు, పక్క సందు శెట్టి వాళ్ల కుటుంబం కూడా. రెండు రాత్రులు అక్కడే. ఉన్న బొరుగులు బెల్లం పిల్లోళ్లకి ముందు, ముసలోళ్లకి తర్వాత, మిగిలితే మగోళ్లకి. ఇషా నమాజ్ ఆ తడి మిద్దె మీదే చదివినాం. ఇమామ్‌గా ఎవరు ముందు నిలబడినారో నాకు ఇప్పటికీ తెలీదు, ఎవరూ అడగలే కూడా.

ఇప్పుడు అదే సందు గురించి చెప్తా. ఆరేడేళ్ల కింద రంజాన్‌లో తరావీ (రంజాన్ రాత్రి నమాజ్) 8 రకాత్లా (రకాత్ అంటే నమాజ్‌లో ఒక విడత) 20 రకాత్లా అని మొదలైంది. అక్కడి నుంచి ఆమీన్ గట్టిగానా మెల్లగానా, అక్కడి నుంచి కమిటీ లెక్కలు, సదర్ (కమిటీ పెద్ద) ఎవరు, చందా పుస్తకం ఎవరి దగ్గర. చివరికి కొంతమంది బయటికి పోయి పక్క సందులో రేకుల షెడ్డు వేసుకున్నారు, ఇప్పుడది స్లాబ్ మసీదు అయింది. రెండు మసీదులు ఉండటం తప్పని నేను అనట్లేదు, జనం పెరిగితే మసీదులు పెరగాల్సిందే, కానీ మా నాయన ఈ మసీదు, మా చిచ్చా (చిన్నాయన) ఆ మసీదు, సొంత అన్నదమ్ములు, నాలుగేళ్లుగా మాటల్లేవు. ఒక రంజాన్‌లో నెలవంక దగ్గర కూడా తేడా వచ్చి మా ఇంట్లో ఈద్ ఒక రోజు, చిచ్చా ఇంట్లో మరుసటి రోజు. మా అమ్మ షీర్ ఖుర్మా క్యారియర్‌లో పెట్టి పంపిస్తే మూత కూడా తీయకుండా వెనక్కి వచ్చింది. మా అమ్మ ఆ క్యారియర్ ముందు కూర్చొని ఏడ్చింది, నేను ఏం చెప్పాలో తెలీక బయటికి పోయినా.

నా ప్రశ్న ఇదీ. ఆపద వస్తే ఒక్కటవుతాం. 2009లో అయినాం, 2019 డిసెంబర్‌లో సీఏఏ (పౌరసత్వ సవరణ చట్టం) అప్పుడు అన్ని మసీదుల వాళ్లు ఒకే ర్యాలీలో నడిచినాం, కరోనాలో ఒకరి ఇంటికి ఒకరు అన్నం పంపుకున్నాం. ఆపద పోయిన మూడు నెలలకి మళ్లీ ఎవరి మసీదు వాళ్లది. ఏళ్ల తరబడి నిలబడే భాయ్‌చారా అనేది ఉంటుందా, ఉంటే ఎట్ల నిలుపుకోవాల? మూడు వారాల్లో రంజాన్ వస్తాంది, ఈసారైనా ఒకే రోజు ఈద్ చేసుకోవాలని ఉంది.

కడప_మాస్టారు

వ అలైకుమ్ అస్సలాం నాయనా. నేను రిటైరైన టీచర్‌ని, కడపలో ఉంటా. మీ అమ్మ సంగతి చదివి చానా సేపు ఫోన్ పక్కన పెట్టేసినా.

ఆపదలో ఒక్కటవడం సులభం, ఎందుకంటే అప్పుడు మనల్ని కలిపేది నీళ్లు, మనం కాదు. నీళ్లు పోతే కలిపినది పోయింది. మదీనా సంగతి చూడు. ఔస్, ఖజ్రజ్ అని రెండు తెగలు, ప్రవక్త (స) మదీనాకు రాకముందు కొన్నేళ్ల కిందనే బుఆస్ అనే చోట ఒకరినొకరు నరుక్కున్నారు. ఖురాన్‌లో ఆలి ఇమ్రాన్ సూరా 103వ ఆయత్‌లో అల్లా తాడుని అందరూ కలిసి గట్టిగా పట్టుకోండి, చీలిపోవద్దు అని ఉంది కదా, మన బయాన్లలో (మసీదు ప్రసంగాల్లో) అంతవరకే చెప్పి ఆపేస్తారు. దాని తర్వాత ఏముందో చదువు: మీరు శత్రువులుగా ఉన్నారు, ఆయన మీ మనసులు కలిపినాడు, ఆయన దయతో అన్నదమ్ములైనారు అని. అంటే మొదటి నుంచీ మంచిగా ఉన్నోళ్లకి చెప్పిన మాట కాదది, కొట్టుకొని కలిసినోళ్లకి చెప్పిన మాట. నీకు, మీ నాయనకు, మీ చిచ్చాకు చెప్పినట్టే.

ఇంకొకటి. 622లో హిజ్రత్ (మక్కా నుంచి మదీనాకు వలస) అయినాక ప్రవక్త (స) మక్కా నుంచి వచ్చినోళ్లని, మదీనా వాళ్లని ఊరికే మీరందరూ అన్నదమ్ములు అని మైకులో చెప్పి వదిలేయలే. పేరు పేరున జత చేసినారు, ఫలానా ఆయనకు ఫలానా ఆయన తమ్ముడు అని. సాద్ బిన్ రబీ (రజి) తన ఆస్తిలో సగం అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి)కి ఇస్తానన్నాడు, ఆయన వద్దు భాయ్, అల్లా నీకు బర్కత్ ఇవ్వాలి, బజారు యాడుందో చూపించు అన్నాడు, పోయి వెన్న, జున్ను అమ్ముకొని నిలబడినాడు. ఇచ్చేవాడు సగం ఇస్తానన్నాడు, తీసుకునేవాడు భారం కాకూడదనుకున్నాడు, ఇద్దరూ అట్ల ఉంటేనే నిలబడింది. మనం ఒకరికొకరు జత కాలేదు నాయనా, గుంపుకి గుంపు జత అయినాం, గుంపులు కలిస్తే ర్యాలీ అవుతుంది, ఈద్ రోజు క్యారియర్ మూత తెరుచుకోదు.

మీ ఇంటి సంగతికి వస్తే, మూడు రోజులకు మించి అన్నతోనో తమ్ముడితోనో మాట్లాడకుండా ఉండటం హలాల్ కాదని బుఖారీ, ముస్లిం అనే రెండు హదీస్ (ప్రవక్త మాటల) పుస్తకాల్లోనూ ఉంది, ఎదురుపడి ఇటు ఒకరు అటు ఒకరు మొహం తిప్పుకుంటే ఆ ఇద్దరిలో మేలైనోడు ముందు సలాం చెప్పినోడే అని. మూడు రోజులు! మీ వాళ్లది నాలుగేళ్లు. సోమవారం, గురువారం జన్నత్ తలుపులు తెరుస్తారు, షిర్క్ (అల్లాకు సాటి కల్పించడం) చేయని ప్రతి ఒక్కరినీ క్షమిస్తారు, మధ్యలో కక్ష ఉన్న ఇద్దర్ని మాత్రం వీళ్లు కలిసేదాకా ఆపండి అంటారు, ఇది ముస్లింలో హదీస్. నేను ఈ హదీస్ విన్నాక మా బావమరిది ఇంటికి పోయినా, పదకొండు నెలల తర్వాత. స్థలం తగాదా. తగాదా ఇప్పటికీ తేలలే, కోర్టులోనే ఉంది, కానీ మేం వారానికి ఒకసారి టీ తాగుతాం.

ప్రొద్దుటూరు_98

అందరికీ సలాం. నేను ఆమీన్ గట్టిగా అనే వైపు ఉండేవాణ్ణి, ముందే చెప్పేస్తాండా, కోపం తెచ్చుకోవద్దు.

ఇత్తెహాద్ (ఐక్యత) ఇత్తెహాద్ అని అందరూ అంటారు కానీ మా అనుభవంలో దాని అర్థం ఏందంటే నువ్వు నోరు మూసుకో, మేం చేసేది మేం చేస్తాం అని. నేను హదీస్ చదివి నా నమాజ్ సరిచేసుకుంటే మసీదులో నా భుజం పట్టి బయటికి పంపినారు, నిజంగా పంపినారు, పందొమ్మిదేళ్ల పిల్లోణ్ణి, జుమ్మా రోజు, అందరి ముందర. మేం వేరే మసీదు కట్టుకున్నది ఊరికే కాదు. హక్ (నిజం) దాచిపెట్టి ఐక్యత అంటే అది ఎన్నాళ్లు నిలుస్తుంది చెప్పండి. దీన్‌లో తప్పు జరుగుతుంటే చెప్పకూడదా?

కడప_మాస్టారు

బేటా, నీ భుజం పట్టి బయటికి పంపినోళ్లు తప్పు చేసినారు, ఆ మాటలో నాకు రెండో ఆలోచన లేదు. అల్లా ఇంట్లోంచి నమాజ్‌కి వచ్చినోణ్ణి పంపే హక్కు ఏ కమిటీకీ లేదు. వాళ్ల తరఫున కాకున్నా ఒక ముసలోడిగా నేను నీకు క్షమాపణ చెప్తాండా.

తప్పుని తప్పు అనొద్దని ఎవరంటారు. కానీ ఏది తప్పు, ఏది తేడా, అది చూడాల కదా. ఖందక్ (కందకం) యుద్ధం అయిపోయినాక, 627లో, బనూ ఖురైజా అనే తెగ దగ్గరికి పోయేదాకా ఎవరూ అసర్ (సాయంత్రం నమాజ్) చదవొద్దు అని ప్రవక్త (స) చెప్పినారు. దారిలో పొద్దు వాలిపోతాంది. కొందరేమో, ఆయన ఉద్దేశం తొందరగా పొమ్మని, నమాజ్ పోగొట్టుకొమ్మని కాదు అని దారిలోనే చదివినారు, కొందరేమో ఆయన మాటంటే మాటే అని అక్కడికి పోయినాకే చదివినారు. రెండు గుంపులూ సహాబాలే (ప్రవక్త సహచరులే). ప్రవక్త (స) ఇద్దరిలో ఎవర్నీ ఏమీ అనలే. బుఖారీలోనే ఉంది, నువ్వు చదివే ఉంటావు.

ఇంకోటి విను. హజ్‌లో మినా దగ్గర ప్రయాణికుడి నమాజ్ రెండు రకాత్లు. హజ్రత్ ఉస్మాన్ (రజి) ఖలీఫాగా ఉండి నాలుగు చదివించినారు. ఇబ్న్ మసూద్ (రజి) దానికి ఒప్పుకోలే, నేను ప్రవక్త వెనక ఇక్కడ రెండే చదివినా, అబూబకర్ వెనక రెండే, ఉమర్ వెనక రెండే అని బయటికే చెప్పినాడు. చెప్పి, మళ్లీ తను నాలుగే చదివినాడు. ఏందయ్యా, తప్పు పట్టి నువ్వే నాలుగు చదివినావే అంటే, విభేదం చెడ్డది అన్నాడు. నోరు మూసుకోలే, చూడు, తన మాట చెప్పినాడు. కానీ మినాలో ఇంకో జమాత్ నిలబెట్టలే. నిన్ను పంపినోళ్లకీ, పోయి వేరే కట్టుకున్నోళ్లకీ ఇద్దరికీ ఇది వినిపించాలని నాకు చానా ఆశ.

ప్రొద్దుటూరు_98

ఇబ్న్ మసూద్ సంగతి తెలుసు సార్, ఈ కోణంలో ఆలోచించలే. ఆ రోజు ఒక్కరు, ఒకే ఒక్కరు, పిల్లోణ్ణి వదలండి అని ఉంటే నేను ఆ మసీదులోనే ఉండేవాణ్ణేమో. క్షమాపణ మీరు చెప్పాల్సింది కాదు, ఐనా చెప్పినారు, అల్లా మీకు మేలు చేయాల.

గుంతకల్లు_నూర్బాషా

నేను ఆడమనిషిని, గుంతకల్లు, ఇక్కడ ఎక్కువ రాయను కానీ ఇది చదివి రాయకుండా ఉండలేకపోయినా.

మీరందరూ 8, 20, ఆమీన్ అంటాండారు, మంచిదే, కానీ మాకు అంతవరకు కూడా రానివ్వరు తమ్ముడూ. మేం దూదేకులోళ్లం. మా తాత పత్తి ఏకి పరుపులు కుట్టేవాడు, మా ఇంట్లో తాతముత్తాతల కాలం నుంచి తెలుగే. నేను డిగ్రీ చదివే రోజుల్లో ఒక ఫ్రెండ్ వాళ్ల ఇంటికి ఇఫ్తార్‌కి పోతే వాళ్ల నానమ్మ ఉర్దూలో ఏందో అడిగింది, నాకు సరిగ్గా జవాబు రాలే, వెంటనే "లద్దాఫా" అనింది, దూదేకులోళ్లని చిన్నచూపుగా పిలిచే మాట. అంతే, ఒక్క మాట. ఆ తర్వాత నాకు ఇచ్చిన ఖర్జూరం చేతిలోనే ఉండిపోయింది. మా అన్నకి సంబంధం చూస్తే, నమాజ్ ఉంది, ఉద్యోగం ఉంది, కట్నం వద్దన్నాడు, అన్నీ బాగున్నాయి అని చెప్పి చివర్లో మీరు దూదేకుల కదా అన్నారు. రిజర్వేషన్‌లో కూడా మేం బీసీ-బి, 2007లో వచ్చిన 4 శాతం బీసీ-ఇ వేరే, సరే, అది ప్రభుత్వం కాగితాలు, దాంతో నాకు బాధ లేదు. మసీదు సఫ్‌లో (నమాజ్ వరుసలో) భుజం భుజం కలుపుతారు, పెళ్లి దగ్గరికి వస్తే కాగితం తీస్తారు, బాధ అక్కడ.

హుజురాత్ సూరాలో 10వ ఆయత్ ముస్లింలు అన్నదమ్ములు అని అందరూ చెప్తారు. 11వది ఒకరినొకరు ఎగతాళి చేసుకోవద్దు, చెడ్డ పేర్లతో పిలుచుకోవద్దు అని. 13వది తెగలుగా చేసింది ఒకర్ని ఒకరు తెలుసుకోడానికే, అల్లా దగ్గర గొప్పోడు ఎక్కువ తఖ్వా (దైవభీతి) ఉన్నోడే అని. మూడూ ఒకే సూరాలో పక్కపక్కనే ఉన్నాయి, మరి 10 ఒక్కటే బయాన్‌లో ఎందుకు వస్తుంది? అబూజర్ (రజి) అంతటి సహాబీ ఒకాయన్ని తల్లి పేరెత్తి చిన్నబుచ్చితే, నీలో ఇంకా జాహిలియత్ (ఇస్లాంకి ముందటి అజ్ఞానం) ఉంది అని ప్రవక్త (స) మొహం మీదే అన్నారు. సల్మాన్ ఇరాన్ నుంచి వచ్చినోడు, బిలాల్ హబ్షీ, వాళ్లని అరబీ యాసలో మాట్లాడితేనే ముస్లిం అనలే కదా.

నేను అడిగేది చానా చిన్నది. జుమ్మా బయాన్ నలభై నిమిషాలు ఉర్దూలో ఉంటే పది నిమిషాలు తెలుగులో చెప్పండి. మా నాయన ముప్పై ఏళ్లుగా జుమ్మాకు పోతాడు, సగం అర్థం కాదు, ఇంటికొచ్చి ఏం చెప్పినారు అంటే "మంచే చెప్పినారు లేమ్మా" అంటాడు. మా ఊళ్లో పిల్లోళ్లకి కూడా ఇప్పుడు చదవడానికి తెలుగే వస్తుంది, ఉర్దూ మాట్లాడే ఇళ్లలో పిల్లోళ్లకి కూడా అంతే, కాబట్టి ఇది మా ఒక్కరి కోసమే అడగట్లే.

ఆదోని_మార్కెట్‌యార్డు

అక్కా, నువ్వు రాసింది చదివి తల దించుకున్నా. మా ఇంట్లో కూడా ఆ మాట వాడినోళ్లు ఉన్నారు, మా అమ్మమ్మే వాడేది. ఇకపై నా ముందర ఎవరన్నా అంటే ఊరుకోను, ఇంతకంటే ఇప్పుడు ఏం చెప్పినా ఉత్త మాటే అవుతుంది.

కర్నూలు తమ్ముడూ, నీకు పనికొచ్చేది మా దగ్గర జరిగింది చెప్తా. మాది కూడా ఇదే కథ, మూడు మసీదులు, మూడు దారులు. నమాజ్‌లో కలపాలని చూసినోళ్లందరూ ఓడిపోయినారు. మా దగ్గర కలిపింది ఖబరస్తాన్. 2020లో కరోనా వచ్చినప్పుడు మయ్యత్ (శవం) ముట్టుకోడానికి సొంత కొడుకులే భయపడినారు, అప్పుడు మూడు మసీదుల నుంచి పిల్లోళ్లు ఎనిమిది మంది కిట్లు వేసుకొని దిగినారు. ఎవరిది ఏ మసీదు అని చూడలే, ఒకరోజు హిందూ పెద్దాయన్ని కూడా శ్మశానం దాకా మోసినారు, వాళ్ల వాళ్లు ఊర్లో లేకుంటే. నువ్వన్నట్టు అది కూడా ఆపదే. కానీ ఆపద పోయినాక మేం ఆ ఎనిమిది మందిని విడిపోనివ్వలే, ఇదే మేం చేసిన ఒకే ఒక్క పని. గుస్ల్ (శవానికి స్నానం) ఇచ్చేది వాళ్లే, గుంత తవ్వించేది వాళ్లే, కఫన్ గుడ్డ, కర్పూరం, అత్తరు ఒకే బీరువాలో, తాళాలు మూడు, మసీదుకి ఒకటి. ఎవరింట్లో మయ్యత్ అయినా ఫోన్ పోయేది ఆ పిల్లోళ్లకే. నీకు తెలుసు కదా, మన ఊర్లలో ఇంట్లో ఒకరు పోయినప్పుడు ఎవరు వచ్చి నీళ్లు పోసినారో జన్మంతా మర్చిపోరు. తన తండ్రికి గుస్ల్ ఇచ్చిన పిల్లోడు ఆమీన్ గట్టిగా అంటాడని ఇంకెవడు తిడతాడు?

తర్వాత నెమ్మదిగా ఇంకొన్ని. ఖబరస్తాన్ చందా లెక్క ప్రతి నెలా మొదటి జుమ్మాకి మూడు మసీదుల బోర్డు మీద ఒకే కాగితం అతికిస్తాం, రూపాయి కూడా వదలకుండా. తగాదాలు దీన్ పేరుతో మొదలైనట్టు కనిపిస్తాయి కానీ సగం లెక్క దగ్గరివే, నువ్వే రాసినావు చూడు చందా పుస్తకం అని. మింబర్ (మసీదులో ప్రసంగించే మెట్ల వేదిక) మీద నుంచి ఇంకో మసీదు వాళ్ల పేరెత్తొద్దని ముగ్గురు ఇమాములు మాట ఇచ్చుకున్నారు, మసాయెల్ (దీన్ సందేహాలు) కావాలంటే విడిగా కూర్చొని అడగొచ్చు. వాట్సాప్ గ్రూపులో ఫార్వర్డ్ వీడియోలు బంద్, మయ్యత్ కబురు, రక్తం కావాలంటే, బోరు చెడిపోతే, అంతే. నెలవంకకి, 29వ రోజు మగ్రిబ్ తర్వాత ముగ్గురు ఇమాములు ఒకే చోట కూర్చుంటారు, లేచేది ఒకే మాటతో. మొదటి సంవత్సరం ఇషా దాటినా తెమలలే, బయట జనం తిట్టుకున్నారు, ఐనా కూర్చున్నారు. మీకు మూడు వారాలు టైం ఉంది కాబట్టి దీనికి ఇప్పుడే పోయి మాట్లాడండి, 29వ తేదీ పొద్దున మాట్లాడితే కాదు.

అన్నీ బాగున్నాయని చెప్పను. ఉర్సు, మొహర్రం పీర్ల దగ్గర మా వాళ్లకి ఇప్పటికీ పడదు, ఆ పది రోజులు గ్రూపులో ఎవరూ ఏం మాట్లాడరు. పెళ్లిళ్లు కూడా అక్క చెప్పినట్టే ఉన్నాయి, అక్కడ మేం ఏమీ చేయలేదు.

కడప_మాస్టారు

ఆదోని భాయ్, నమాజ్, రోజా, సదకా కంటే పెద్ద దర్జా ఉన్న పని చెప్పనా అని, ఇద్దరి మధ్య సంధి చేయడం అని ప్రవక్త (స) అన్నారు, అబూ దావూద్‌లో, తిర్మిజీలో ఉంది. మీ ఎనిమిది మంది పిల్లోళ్లు చేస్తాండేది అదే. ఆ పిల్లోళ్లకి నా సలాం చెప్పు.

గుంతకల్లు బేటీ, మా మసీదు కమిటీలో నేనున్నా. తెలుగు పది నిమిషాల సంగతి ఈ ఆదివారం మీటింగ్‌లో పెడతా. కాదంటే ఎందుకు కాదన్నారో కూడా ఇక్కడే రాస్తా.

గుంతకల్లు_నూర్బాషా

జజాకల్లా సార్. మా నాయనకి చదివి వినిపించినా. ఏమీ అనలే, కండువాతో మొహం తుడుచుకొని అసర్‌కి పోయినాడు.

కర్నూలు_హంద్రీ (ప్రశ్న వేసినోడు)

వారం రోజులైంది, అందరికీ జవాబు ఇవ్వలేకపోయినా, మన్నించండి.

మాస్టారు చెప్పిన సోమవారం, గురువారం హదీస్ మా నాయనకి చెప్పినా. ఏం మాట్లాడలే. గురువారం ఇషా అయినాక చెప్పులేసుకొని బయటికి పోయినాడు, ఎక్కడికో చెప్పలే, నేను వెనకాల పోయినా. చిచ్చా ఇంటి ముందర నిలబడినాడు, తలుపు కొట్టలే, ఐదు నిమిషాలు అట్లే. తర్వాత లోపలి నుంచి చిచ్చా కూతురు చూసి "పెద్దబ్బా వచ్చినాడు" అని గట్టిగా అరిచింది. లోపలికి పోయి అర్ధగంట కూర్చున్నారు. మసీదు మాట ఎత్తలే, తరావీ మాట ఎత్తలే, చిచ్చా షుగర్ గురించి, మా నాయన మోకాళ్ల గురించి మాట్లాడుకున్నారు. మధ్యలో 2009 మాట వచ్చింది, ఆ మిద్దె మీద ఆ రోజు నమాజ్ చదివించింది మీ చిచ్చానే అని మా నాయన నాకు అప్పుడు చెప్పినాడు. నాకు ఇన్నేళ్లు తెలీదు.

క్షమించుకున్నారా అంటే నాకు తెలీదు. కానీ మా అమ్మ ఆ క్యారియర్ కడిగి పైన గూట్లోంచి కిందికి దించింది.

నెలవంక విషయం మా ఇమామ్ సాబ్‌తో మాట్లాడినా, ఆయనకి ఇష్టమే, ఆ మసీదు ఇమామ్‌తో మాట్లాడేది చిచ్చా చూస్తానన్నాడు. ఆదోని అన్నా, మీ ముగ్గురు ఇమాములు కూర్చున్నది ఎవరి మసీదులో? మాకు ఇక్కడ మొదటి గొడవ అదే అయ్యేటట్టుంది.

ఆదోని_మార్కెట్‌యార్డు

ఎవరి మసీదులోనూ కాదు తమ్ముడూ, ఖబరస్తాన్ గేటు పక్కన వాచ్‌మన్ రూము ఉంది, అందులో. చాప మేం వేసినాం, టీ అతని భార్య పెట్టింది. మీకు అట్లాంటి చోటు లేకుంటే ఆ మిద్దె ఇంటాయన్ని అడిగి చూడు, ఉన్నాడా ఇంకా?

కర్నూలు_హంద్రీ

ఆయన పోయినాడన్నా, కొడుకు ఉన్నాడు. రేపు ఫజర్ తర్వాత పోయి అడుగుతా.